పేటెంటు మందులు, పేటలోని మందుల అంగడి

పేటెంటు మందు అను మాట మనకు పాతదే. సీసాలో గాని డబ్బాలో గాని సిద్ధముగా నుండి, వైద్యుని చీటితో పనిలేక, పేరు చెప్పి కొనదగిన మందును మన పెద్దలు పేటెంటు మందనుచుండిరి. ఈ పేరులోనే యొక వింత యున్నది. పంతొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోను అమెరికాలోను ఈ పేరుతో లెక్కకు మిక్కిలియైన మందులు అమ్ముడుపోయినవి. వానిలో నిజముగా పేటెంటు గలవి మిక్కిలి తక్కువ. పేటెంటు పొందవలెనన్న ఆ వస్తువును ఏ ద్రవ్యములతో, ఏ పాళ్లతో చేయుదురో వ్రాసి ప్రభుత్వమునకు దాఖలు చేయవలెను. ఆ పత్రమును ఎవరైనను చదువవచ్చును. గడువు తీరినపిమ్మట ఎవరైనను ఆ వస్తువును చేసి అమ్మవచ్చును. మందు చేయువానికి ఈ రెండును గిట్టవు. కావున అతడు మందును దాచి, దాని పేరును, సీసా యాకారమును, పైనంటించు కాగితమును మాత్రమే తన వ్యాపారచిహ్నముగా కాపాడుకొనెను. పేటెంటునకు గడువు కలదు. పేరునకు గడువు లేదు.

నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఈ దాపరికమును గుఱించియే. ఆ మందులు రోగమును కుదుర్చలేదని నిందించుట సులభము. ఆ కాలపు వైద్యుని మందును తఱుచుగా కుదుర్చలేదు. సీసాలో నేమున్నదో త్రాగువానికి తెలియదు, త్రాగించు తల్లికి తెలియదు, అమ్ము అంగడివానికిని తెలియదు. కీడంతయు ఇచట నున్నది.

పేరు వచ్చిన త్రోవ వేఱు. ఇంగ్లండున రాజు తన ముద్ర వేసి, అందఱును చూచునట్లు మడవక యిచ్చు అధికారపత్రమును లెటర్సు పేటెంటు అనెడివారు. 1712లో రిచర్డు స్టౌటన్ అనునతడు తన అరకునకు అట్టి పత్రమును పొందెను. 1744లో రాబర్టు టర్లింగ్టన్ అను వర్తకుడు తన ‘బాల్సం ఆఫ్ లైఫు’ అను మందునకు, అనగా ప్రాణతైలమునకు, పొందెను. అమెరికాలో మందునకు మొదటి పేటెంటు 1796లో కనెక్టికట్టు రాష్ట్రపు శామ్యూల్ లీ అనువానికి వచ్చెను. అవి పైత్యపు మాత్రలు. ఇట్టివారు కొలదిమంది. తక్కినవారందఱు ఆ రాజముద్ర గౌరవమును అరువు తెచ్చుకొనిరి.

అమెరికావారు ఇంగ్లండుతో యుద్ధము చేసిన దినములలో ఈ ఇంగ్లీషు సీసాల రాక తగ్గిపోయెను. అచటి మందులవర్తకులు దిగులుపడలేదు. ఖాళీ సీసాలు సంపాదించి, తాము చేసిన మందును నింపి, పాత పేరుతోనే అమ్మిరి. కొనువారికి కావలసినది ఆ సీసా యాకారము, దానిపై కాగితము. లోపలి ద్రవమెట్లు మారినను వారికి తెలియు దారి లేదు. చివరకు ఫిలడెల్ఫియా నగరమునందలి ఔషధశాస్త్ర కళాశాలవారు 1824లో ఈ పాత మందులలో ఎనిమిదింటిని పరిశీలించి, వానికి స్థిరమైన పాళ్లను నిర్ణయించి అచ్చొత్తించిరి. గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అను మందు వానిలో నొకటి. అది పసిపిల్లలకు పట్టు తియ్యని మందు. అందులో నల్లమందు కలదు. అంగడులలో వాడుచున్న సూత్రములను తెచ్చి చూడగా, నల్లమందు పాలు ఒకదానిలో నున్నట్లు మఱియొకదానిలో లేదు. ఒక వీధిలో కొన్న సీసానుండి ఒక చెంచా పట్టి బిడ్డను నిద్రపుచ్చిన తల్లి, మఱుసటి వారము వేఱొక వీధిలో అదే పేరుగల సీసాను కొని అదే చెంచాడు పట్టినచో, ఆ బిడ్డ లేచునో లేవదో చెప్పువారెవరు?

ఇక అంగడిలోనికి పోదము. పంతొమ్మిదవ శతాబ్దపు మందుల అంగడి యెట్లుండెడిదో చూడగోరువారికి వర్జీనియా రాష్ట్రమున, వాషింగ్టను నగరమునకు సమీపముననున్న అలెగ్జాండ్రియాలో ఒకటి నిలిచియున్నది. ఎడ్వర్డు స్టేబ్లర్ అను క్వేకరు మతస్థుడు 1792లో దానిని స్థాపించెను. తరువాత అల్లుని వంశమగు లెడ్‌బీటరు కుటుంబమునకు వచ్చి, 1933 వఱకు, అనగా నూటనలుబది సంవత్సరములు, ఒక్క కుటుంబము చేతనే నడుపబడెను. ఆర్థికమాంద్యములో మూతపడినపుడు లోపలి జాడీలు, సొరుగులు, త్రాసులు, లెక్కపుస్తకములు ఎక్కడివక్కడనే యుండిపోయినవి. నేడది వస్తుప్రదర్శనశాల. 1802లో జార్జి వాషింగ్టను గారి వితంతువగు మార్తా గారు మంచి ఆముదము ఒక సీసాడు పంపి, దాని ఖరీదు చీటియు పంపుమని ఆ యంగడికి కబురు చేసిన కాగితము నిలిచియున్నది. మన పల్లెలలో ఆముదము ఇంటింట వండుకొను వస్తువు. అచట అది దేశపు తొలి అధ్యక్షుని యింటివారు చీటి వ్రాసి తెప్పించుకొను ఔషధము!

అట్టి యంగడిని దూరమునుండియే గుర్తుపట్టవచ్చును. కిటికీలో పెద్ద గాజుకుండలుండును; వానిలో ఎఱ్ఱని, పచ్చని, నీలపు రంగునీరు. రాత్రి వెనుక దీపము పెట్టగా ఆ రంగులు వీధిమీద పడును. చదువురానివానికి అదియే అంగడి పేరుపలక. లోపల గోడ పొడవున చిన్న చిన్న సొరుగులు, వానిపై లాటిన్ పేర్లు. అరలలో బంగారు రేకుతో పేరు వ్రాసిన సీసాలు. బల్లపై త్రాసు, కల్వము. ఒక జాడీలో జలగలు. విషములుంచు సీసాలు నీలముగా గాని ఆకుపచ్చగా గాని ఉండి, పైన గాట్లు తీర్చియుండును. చీకటిలో చేతితో తడిమినను విషమని తెలియవలెనని ఆ యేర్పాటు.

ఆ యంగడివాని పని నైపుణ్యము గల పని. వైద్యుడు వ్రాసిన చీటిలోని ద్రవ్యములను తూచి, కల్వమున నూఱి, జిగురు చేర్చి ముద్ద చేయును. ఆ ముద్దను పలకపై దొర్లించి సన్నని వత్తిగా లాగి, ఇత్తడి గాట్లుగల పీటపై నుంచి ఒత్తగా అది సమానమైన తునకలుగా తెగును. వానిని గుండ్రముగా చుట్టి అతిమధురపు పొడిలో పొరలించిన మాత్ర లగును. ఒక మాత్రలో విషద్రవ్యము ఎక్కువై మఱియొక మాత్రలో తక్కువ కాకుండ చేయుటలోనే వాని విద్య యంతయు గలదు. ఈ విద్యను నేర్పుటకు ఫిలడెల్ఫియా కళాశాల 1821లో నేర్పడెను. లండనులో జాకబ్ బెల్ మొదలగువారు 1841లో ఔషధకారుల సంఘమును స్థాపించిరి. అమెరికావారి జాతీయసంఘము 1852లో వెలసెను. మన తెలుగు పట్టణములలో తరువాతి కాలమున ఆస్పత్రి కాంపౌండరు మిక్స్చరు కలిపి, సీసాకు కత్తిరించిన కాగితపుముక్క నంటించి, ఒక్కొక్క గాటు ఒక్కొక్క మోతాదని చెప్పి యిచ్చెడివాడు. ఆ విద్య యీ వంశములోనిదే.

అయితే ఈ నిపుణుడే వెనుకనున్న అరలో రహస్యపు సీసాలను వరుసగా నిలిపి అమ్మెడివాడు. గంటసేపు నూఱి చుట్టిన మాత్రలకు వచ్చు ఆదాయము స్వల్పము; అరలోని సీసా నందిచ్చుటకు శ్రమ లేదు. కొందఱు అంగడివారు దానిని హీనముగా చూచిరి. కాని అమ్మనిచో కొనువాడు ఎదుటి అంగడికి పోవును. నాకు వారిపై కోపము రాదు గాని, తూకములో గోధుమగింజంత తేడా రానీయనివాడు, లోపలేమున్నదో తానెఱుగని సీసాను పసిబిడ్డ తల్లి చేతికిచ్చుట విచిత్రముగా తోచును.

జనులెందుకు కొనిరి? వారిని మూఢులనుట అన్యాయము. ఆ శతాబ్దపు పూర్వార్ధమున వైద్యుడు జ్వరమునకు రక్తము తీయును; కాలొమెల్ అను పాదరసపు మందు నిచ్చును. దానివలన నోట చొంగ కారి, చిగుళ్లు వాచి, పండ్లు కదలును. పైగా అతడు చాల మైళ్ల దూరముననుండును; వచ్చిన దక్షిణ యీయవలెను. సీసామందు తియ్యగానుండును, నొప్పి తీర్చును, ఒక రూపాయి రెండు రూపాయల వంటి ధరకు దొరకును. స్త్రీల రోగములు సరేసరి. పురుషవైద్యునికి చెప్పుకొన సిగ్గుపడు స్త్రీకి సీసా యొక్కటే దిక్కు. ఈ సంగతిని కనిపెట్టినది మసాచుసెట్సు రాష్ట్రమున లిన్ అను ఊరి లిడియా పింకమ్ గారు. 1873 ధనసంక్షోభమున భర్త ఆస్తి పోగా, ఇంటి పొయ్యిపై కాచి ఇరుగుపొరుగువారికి ఊరక యిచ్చుచుండిన మూలికల కషాయమును 1875లో సీసా ఒక డాలరు చొప్పున అమ్మసాగిరి. ఆమె మద్యపాన నిషేధమును కోరిన వ్యక్తి. ఆమె కషాయములో మాత్రము నూటికి 18 పాళ్లకు తక్కువగాని సారా యుండెడిది. అది మూలికలు చెడకుండుటకని సమాధానము. సీసాపై ఆమె ముఖచిత్రము. ‘పింకమ్ గారికి వ్రాయుడు, స్త్రీకి స్త్రీయే జవాబు వ్రాయును’ అను భావముతో ప్రకటనలు. ఆమె 1883లో మరణించిరి. ప్రకటనలు ఆగలేదు, స్త్రీల యుత్తరములు వచ్చుచునే యుండెను. 1905లో ‘లేడీస్ హోమ్ జర్నల్’ అను మాసపత్రిక ఆమె సమాధి ఛాయాచిత్రమును ప్రకటించి, మీరు ఉత్తరములు వ్రాయుచున్నది ఈమెకే యని చదువరులకు చూపెను.

పింకమ్ గారి కషాయము ఎవరిని చంపలేదు. పసిపిల్లల మందులు అట్లు కావు. మాంచెస్టరు, నాటింగ్‌హాము మొదలగు యంత్రశాలల పట్టణములలో తల్లులు తెల్లవారకముందే పనికి పోవలెను. బిడ్డలను ముసలివారి కప్పగించి పోవుదురు. పదిమంది బిడ్డలను చూచు ముసలిదానికి వారు నిద్రించిననే పని జరుగును. గాడ్‌ఫ్రీస్ కార్డియల్ ఒక చెంచాడు. నిద్రించు బిడ్డ ఏడ్వదు. ఏడ్వని బిడ్డకు పాలు పట్టరు. ఇట్లు నల్లమందు విషమువలన చచ్చిన బిడ్డలకంటె, నల్లమందు మత్తులో ఆకలి తెలియక చిక్కి చచ్చిన బిడ్డలు మఱికొందఱు. మరణముల చిట్టాలో నల్లమందు పేరు రాలేదు. నీరసము అని వ్రాసిరి. అమెరికాలో 1849లో మెయిను రాష్ట్రపు బ్యాంగర్ ఊరిలో పుట్టిన మిసెస్ విన్‌స్లోస్ సూథింగ్ సిరప్ ఇట్టిదే. పండ్లు మొలచు బిడ్డలకు శాంతి నిచ్చునని పేరు, చక్కని తల్లి, బొద్దుబిడ్డల రంగుబొమ్మలు, లోపల మార్ఫిను. 1911లో అమెరికా వైద్యసంఘమువారు తమ ప్రచురణలో దీనిని శిశుహంతకుల జాబితాలో చేర్చిరి.

నా చిన్ననాట మా యింటి గూటిలో గ్రైపు వాటరు సీసా యుండెడిది. అది 1851లో ఈ నాటింగ్‌హాములోనే విలియం వుడ్వర్డు అను మందులవర్తకుడు చేసినది. శతపుష్ప నూనె, సోడా, పంచదార, కొంచెము సారా దానిలోని ద్రవ్యములు, నల్లమందు లేదు. తరువాత సారాయును తీసివేసిరి. ఒకే ఊరు, ఒకే కాలము, బిడ్డ కడుపునొప్పికి రెండు సీసాలు. తల్లి దేనిని చూచి ఎన్నుకొనవలెను?

లేబులు లేకపోవుటవలన నేమగునో ఇంగ్లండునకు తెలిసినది 1858లో, బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున. ఆ కాలమున మిఠాయి చేయువారు పంచదార మిగుల్చుకొనుటకు సుద్దవంటి తెల్లని పొడిని కలిపెడివారు. ఒక మిఠాయివాని కొఱకు ఆ పొడి తెచ్చుటకు మనిషి మందుల అంగడికి పోయెను. యజమాని జబ్బుతో పడియుండెను. కుఱ్ఱవాడు మూలనున్న పీపాలోనుండి తెల్లపొడి తూచి యిచ్చెను. ఆ పీపాపై పేరు లేదు. అది పాషాణము. పుదీనా బిళ్లలు సంతలో అమ్ముడుపోయినవి. సుమారు ఇరువదిమంది చనిపోయిరి, రెండువందలమందికి పైగా జబ్బుపడిరి. పది సంవత్సరముల తరువాత, 1868లో, విషములను చదువుకొన్న ఔషధకారులే అమ్మవలెనని, వానిపై విషమను లేబులు అంటించవలెనని పార్లమెంటు శాసించెను. నల్లమందు ఆ జాబితాలో చేరెను.

ఇచట శ్రోతలు కొంచెము సావధానముగా వినవలెను. ఆ శాసనము పేటెంటు మందులను విడిచిపెట్టెను. అనగా నల్లమందును నల్లమందుగా కొన్నచో సీసాపై విషమని యుండును. ఆ నల్లమందునే బెల్లపుపాకములో కలిపి రహస్యపు పేరుతో అమ్మినచో ఏమియు ఉండనక్కఱలేదు! క్లోరోడైన్ అను మందు ఈ కిటికీలోనుండియే దూరెను. దానితో మనకు సంబంధము కలదు. భారతదేశమున సైన్యములో వైద్యుడుగా నుండిన జాన్ కాలిస్ బ్రౌన్ కలరాకని దానిని కల్పించెను. నల్లమందు సారము, క్లోరోఫారము, గంజాయి దాని ప్రధానద్రవ్యములు. విరేచనములు కట్టుట నిజమే, నొప్పి తగ్గుట నిజమే. ఈ దేశమున తెల్లదొరల ప్రయాణపు పెట్టెలలో అది తప్పక యుండెడిది. అలవాటుపడినవారు మానలేకపోవుటయు నిజమే. 1892లో ఇంగ్లండు న్యాయస్థానము, నిజముగా లెటర్సు పేటెంటు గలవానికే ఆ మినహాయింపు వర్తించును, పేరునకు పేటెంటు మందులైనవానికి వర్తింపదని తీర్పు చెప్పెను. అప్పటినుండి క్లోరోడైన్ సీసాపై విషమను మాట ఎక్కెను.

ఇంగ్లండు ప్రభుత్వమునకును ఈ వ్యాపారమున భాగముండెనని చెప్పుట మఱవరాదు. 1783 నుండి ఇట్టి మందులపై పన్ను కలదు. ప్రతి డబ్బాపై సర్కారు స్టాంపు అంటించవలెను. ఆ స్టాంపును చూచి జనులు సర్కారే ఈ మందునకు పూచీయని తలంచిరి. తయారుచేయువారు ఆ భ్రమను చెడగొట్టలేదు. కొంతకాలమునకు, ఇది ప్రభుత్వపు హామీ కాదని ఆ స్టాంపుపైననే అచ్చువేయవలసి వచ్చెను.

ఈ స్టాంపుతో కలిపి ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీకి అమ్మబడిన డబ్బాలలో బీచమ్స్ పిల్స్ ప్రసిద్ధములు. థామస్ బీచమ్ బాల్యమున గొఱ్ఱెల కాపరి. 1859 నాటికి సెయింటు హెలెన్సు ఊరిలో మాత్రలమ్ముచుండెను. డబ్బా ఒక గినీ విలువ చేయునని అతని ప్రకటన. గినీ యనగా ఇరువదియొక షిల్లింగులు. 1909లో బ్రిటిషు వైద్యసంఘమువారు ఇట్టి మందులను రసాయనశాలలో పరీక్షించి ‘సీక్రెటు రెమెడీస్’ అను పుస్తకమును ప్రకటించిరి. బీచమ్ మాత్రలలో ముసాంబరము, శొంఠి, సబ్బు కానవచ్చెను. డబ్బాలోని 56 మాత్రలకు ద్రవ్యముల ఖరీదు అరఫార్దింగు, అనగా పెన్నీలో ఎనిమిదవ వంతు. అమ్మకపు ధర దానికి నూటయెనిమిది రెట్లు. ముసాంబరము విరేచనకారి, మాత్ర పనిచేయలేదనుటకు వీలులేదు. కాని ప్రకటనలోనున్న రోగముల పట్టికకు, ముసాంబరమునకు ఏమి పొత్తు?

ఆ తొంబదిపాళ్లకు పైబడిన లాభములో పెద్దభాగము అచ్చుయంత్రములకు పోయెను. థామస్ హాలోవే అనునతడు 1837లో లేపనముతో మొదలుపెట్టి, పిమ్మట మాత్రలు చేర్చి, ప్రపంచమంతట ప్రకటనలు వేయించెను. మన దేశపు పత్రికలలోను అవి వెలువడినవి. చివరకు ఆ ధనముతో స్త్రీలకొక కళాశాల కట్టించెను. 1886లో విక్టోరియా రాణి దానిని ప్రారంభించెను. ఆ భవనము నేటికిని విద్యాస్థానమే. అమెరికాలో మసాచుసెట్సునందలి లోవెల్ ఊరి అయ్యర్ కంపెనీవారు ఏటేట పంచాంగములు అచ్చువేసి అంగడులద్వారా ఉచితముగా పంచిపెట్టిరి. సూర్యోదయము, చంద్రకళలు ఒకవైపు, రోగములు మందులు మఱియొకవైపు. పంచాంగము గోడకు తగిలించుకొను కుటుంబము ఏడాది పొడుగున ఆ మందుపేరు చూచుచుండును. ఇక ఊరూర డేరాలు వేసి, ఆటపాటలు చూపి, నడుమ సీసాలమ్ముకొను బృందములను గుఱించి చెప్ప నక్కఱలేదు. మన సంతలలో వానిని చూడనివారు లేరు.

అంగడిలోని మఱియొక మూల కొంచెము ఉల్లాసమైనది. అమెరికా మందుల అంగడులలో సోడా పోయు పాలరాతి బల్ల యుండెడిది. గ్యాసునీరు ఆరోగ్యమని నాటి నమ్మకము. చేదుమందును షర్బతులో, షర్బతును సోడాలో కలుపుట సహజముగా వచ్చెను. 1885లో టెక్సాసు రాష్ట్రపు వేకో ఊరి మందుల అంగడిలో డాక్టర్ పెప్పరు అను పానీయము పుట్టెను. 1886లో అట్లాంటాలో జాన్ పెంబర్టను అను ఔషధకారుడు చేసిన పాకమును జేకబ్సు మందుల అంగడిలో సోడాతో కలిపి గ్లాసు అయిదు సెంట్లకు అమ్మిరి. దానికి తలనొప్పి మందని, నరములకు బలమని ప్రకటన. అదియే కోకాకోలా. నేడు దానిని త్రాగువారిలో అది మందుల బల్లపై పుట్టినదని ఎఱిగినవారెందఱు?

వైద్యులు, రసాయనజ్ఞులు ఎప్పటినుండియో మొఱపెట్టుచునే యుండిరి. వారి మాట జనులకేల చేరలేదు? పత్రికలు ఈ ప్రకటనల డబ్బుతో బ్రతుకుచుండెను. ఒహయో రాష్ట్రపు ఫ్రాంక్ చేనీ, పడిశెపు మందు నమ్ము ధనికుడు, పత్రికలతో చేసికొను ఒడంబడికలో ఎఱ్ఱసిరాతో ఒక షరతు చేర్పించుట ఆరంభించెను: ఆ రాష్ట్రమున మందులకు విరుద్ధమైన చట్టమేదైన వచ్చినచో ఈ ఒడంబడిక రద్దగును. అనగా చట్టసభలో లేబులు చట్టము చర్చకు వచ్చినపుడెల్ల పత్రికాధిపతి తన ఆదాయముకొఱకు మౌనము వహించును, లేదా ఎదిరించును. 1905 నవంబరులో మార్క్ సల్లివన్ ‘కాలియర్స్’ వారపత్రికలో ఈ షరతును బయటపెట్టెను.

ఈ సందర్భమున మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు జ్ఞప్తికి రాకమానరు. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. అది పైపూత మందు. దాని రాబడితో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నెలకొల్పిరి. 1914 నుండి ఆంధ్రపత్రిక మదరాసున దినపత్రికయై జాతీయోద్యమమునకు గొంతు నిచ్చెను. అచట మందుల డబ్బు పత్రికల నోరు నొక్కినది. ఇచట ఒక మందు డబ్బు పత్రికకు నోరిచ్చినది. ఒక మనుష్యుని స్వభావమునుబట్టి యింత భేదము.

ఆ కాలియర్స్ పత్రికలోనే 1905 అక్టోబరులో శామ్యూల్ హాప్‌కిన్సు ఆడమ్సు ‘ది గ్రేట్ అమెరికన్ ఫ్రాడు’ అను వ్యాసములను మొదలుపెట్టెను. పెరూనా అను మందులో నూటికి ఇరువదియెనిమిది పాళ్లు సారాయని, మద్యమును ముట్టనివారు దానిని చెంచాలకొలది త్రాగుచున్నారని వ్రాసెను. వ్యవసాయశాఖలోని ప్రధాన రసాయనజ్ఞుడు హార్వే వైలీ ఏండ్ల తరబడి చేసిన పోరాటము దీనికి తోడయ్యెను. 1906 జూన్ 30న అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఆహార, ఔషధ శాసనముపై సంతకము చేసెను.

ఆ చట్టము ఏ మందును నిషేధింపలేదు. సారా, నల్లమందు, మార్ఫిను, కొకైను, హెరాయిను, గంజాయి మొదలగు కొన్ని ద్రవ్యములున్నచో వాని పేరు, పరిమాణము సీసాపై వ్రాయవలెనని మాత్రమే చెప్పెను. వినుటకు అల్పముగా తోచును. కాని విన్‌స్లో సిరప్ సీసాపై మార్ఫిను అను మాట కనబడగానే తల్లి చేయి వెనుదీసెను. కొన్ని కంపెనీలు మత్తుద్రవ్యములను తగ్గించుకొనినవి, కొన్ని మూతపడినవి.

చట్టమున సందులు లేకపోలేదు. కుదురునని చెప్పిన అబద్ధమునకు ఈ చట్టము వర్తింపదని 1911లో సుప్రీం కోర్టు చెప్పగా, 1912లో దానిని సవరించిరి. మోసపు తలంపు ఋజువు చేయవలెను గనుక ఆ సవరణయు గట్టిది కాలేదు. 1937లో సల్ఫనిలమైడు అను క్రొత్త మందును డైఎథిలీన్ గ్లైకాల్ అను విషద్రవములో కరగించి అమ్మగా నూఱుమందికి పైగా మరణించిరి. వారిలో పిల్లలును గలరు. దానికి ఎలిక్సిర్ అను పేరు పెట్టుట తప్పని మాత్రమే ప్రభుత్వము పట్టుకొనగలిగెను, ఏలయన ఎలిక్సిరులో సారా యుండవలెను, దీనిలో లేదు! విషమమ్ముట నేరము కాలేదు, పేరు తప్పుట నేరమయ్యెను. 1938లో క్రొత్త చట్టము వచ్చి, అమ్మకమునకు ముందే మందు నిరపాయమని చూపవలెనని విధించెను.

ఇంగ్లండున ఆలస్యము కొంత దైవికము. పార్లమెంటు ఉపసంఘము పేటెంటు మందులపై చేసిన నివేదిక 1914 ఆగస్టు 4వ తేదిది. ఆ దినముననే ఇంగ్లండు యుద్ధములో ప్రవేశించెను. నివేదికను చదువువారు లేకపోయిరి. ద్రవ్యముల పేర్లు సీసాపై వ్రాయవలెనను చట్టము అచట 1941లో గాని రాలేదు. పాత స్టాంపుపన్ను ఆ యేడే పోయెను.

మన దేశమున 1930లో చోప్రా గారి అధ్యక్షతను ఔషధ విచారణసంఘ మేర్పడి, మరుసటి యేడు నివేదిక నిచ్చెను. దానినుండి 1940 ఔషధ చట్టము, 1948 ఫార్మసీ చట్టము వచ్చినవి. 1954లో మంత్రపు మందుల ప్రకటనలను గుఱించి వేఱొక చట్టము వచ్చెను. కొన్ని రోగముల పేర్లను పట్టికగా వేసి, వానిని కుదుర్తుమని ప్రకటించుటయే నేరమని అది చెప్పును. ఆ పట్టికలో మధుమేహము, పుట్టకుఱుపు, చెవుడు, కంటిశుక్లము, పక్షవాతము, మూర్ఛలు ఉన్నవి. అరువది డెబ్బది సంవత్సరములు గడచినను, రైలుపెట్టెలో కూర్చుండి కిటికీనుండి చూచినచో, ఆ పట్టికలోని పేర్లు కొన్ని ఫోనునంబర్లతో సహా గోడలమీద కనబడును.